చివరి పీరియడు

తిరుత్తణి కొండ కింది ఆర్ట్స్ కాలేజీలో జనార్ధనం సారు చెప్పే లెక్కలకంటే ఆయన వేసే టైంటేబిల్‌కే పేరెక్కువ. ప్రతి జూన్‌లోనూ కాలేజీ తెరవడానికి వారం ముందే కడంబత్తూరు నుంచి రైల్లో వచ్చి, స్టాఫ్ రూములో పెద్ద అట్ట పరుచుకొని కూర్చునేవాడు. వారానికి ఐదు రోజులు, రోజుకు ఐదు పీరియడ్లు. మనిషికి పదహారు గంటల పని, అది సర్కారు లెక్క. ఒకరికి పదిహేడు పడకూడదు, ఇంకొకరికి పదిహేను రాకూడదు. పెన్సిలూ రబ్బరూ పట్టుకొని మూడు రోజులు తంటాలు పడి, ఆఖరికి అట్టను గోడకు కొట్టించి, "చూసుకోండి, బంగారం తూచినట్టు తూచినాను" అనేవాడు. తొమ్మిదేళ్లలో ఆ తూకం ఒక్క గంట కూడా తప్పలేదు. ఆ గర్వం ఆయనకు నిలువెల్లా ఉండేది.

గంటల లెక్క సమానమే, నిజమే. కానీ అన్ని గంటలూ ఒకటి కాదని కాలేజీలో చీపురు పట్టినవాళ్లకు కూడా తెలుసు. పొద్దున రెండో పీరియడు పాల మీది మీగడ. మూడున్నరకు మొదలయ్యే చివరి పీరియడు అడుగంటిన గంజి. అందుకే అట్ట గోడకెక్కే ముందు సారు బల్ల చుట్టూ జాతర జరిగేది. ఒకాయన కడుపునొప్పి అనేవాడు, ఒకాయన బస్సు అనేవాడు, ఇంకొకాయన ఏ కారణమూ లేకుండానే అరిచేవాడు. సారు నవ్వుతూ, "అడగందే అమ్మైనా పెట్టదు గదా" అని, అడిగినవాళ్లకు అడిగిన గంట ఇచ్చేవాడు.

తెలుగు చెప్పే సుందరవల్లి అరిచే మనిషి కాదు. ఆమె భర్త తణికాచలానికి కొండమెట్ల దగ్గర పూజాసామాన్ల అంగడి. ఏటా జూన్‌లో ఆమె ఒక మడిచిన కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, "అన్నా, కొంచెం చూడండి" అనేది. సారు విప్పేవాడు. ముత్యాల్లాంటి అక్షరాలు, నిండా తెలుగు. తల పంకించి, "చూస్తానమ్మా" అని ఫైల్లో పెట్టేసేవాడు.

ఇక్కడ సారు గుట్టు ఒకటి విప్పక తప్పదు. ఆయన ఇంట్లో తాతముత్తాతల నాటి నుంచీ తెలుగే. చదువు మాత్రం అఆల నుంచి తిరువళ్లూరులో తమిళంలో సాగింది. తెలుగు అక్షరం ఒక్కటి కూడా చదవలేడు. తెలుగువాడై పుట్టి, ఎమ్మెస్సీ పాసై, తెలుగు చెప్పే ఆడమనిషి ముందు "నాకు రాదు" అనడానికి నోరు రాలేదు. మొదటి ఏడు సిగ్గుపడ్డాడు, రెండో ఏటికి అలవాటు పడ్డాడు. ఏటా జూన్‌లోనే వస్తోంది గనుక అది తెలుగు సంఘం సభకు పిలుపే అయివుంటుందని తనకు తానే తీర్మానించుకున్నాడు. సభ ఎప్పుడో ఏళుమలైని అడిగి తెలుసుకొని, వెళ్లి ముందు వరసలో కూర్చునేవాడు కూడా. ఈ ఏళుమలై కాలేజీ అటెండరు.

పంతొమ్మిదివందల ఎనభైరెండు ఆగస్టులో మద్రాసులోని కాలేజీల ఆఫీసు నుంచి కవరొచ్చింది. ఆ ఏడు మొదటి సంవత్సరంలో తమిళానికి బదులు తెలుగు తీసుకున్నవాళ్లు ఆరుగురు. పదిమంది లేనిదే భాషా క్లాసు నడపకూడదు. ఆ క్లాసుకున్న ఐదు గంటలూ పోతే సుందరవల్లికి మిగిలేవి పదకొండు. పదకొండు గంటల పనికి ఒక పోస్టు అక్కర్లేదనీ, ఆమెను హోసూరు పక్క ఒక కాలేజీకి మార్చామనీ, వారంలోగా వెళ్లి చేరాలనీ అందులో ఉంది.

ప్రిన్సిపాల్ నటరాజన్ గదిలో సుందరవల్లి కుర్చీ అంచున కూర్చుంది. అంగడిని వదిలి భర్త రాలేడు, ఉద్యోగాన్ని వదిలి తాను ఉండలేదు. పెళ్లయిన పద్నాలుగేళ్లకు కాపురం రెండు ముక్కలు కాబోతోంది.

"ఇదేమిటి జనార్ధనం? ఈ చుట్టుపక్కల సగం తెలుగిళ్లే కదా, ఆరుగురేనా చేరింది?" అని ప్రిన్సిపాల్ తమిళంలో అడిగాడు.

"పిల్లోళ్లు అరవం తీసుకుంటే నేనేం చేసేది సార్? నా లెక్కలో తప్పు లేదు. అమ్మకు సరిగ్గా పదహారు ఇచ్చినాను. తొమ్మిదేండ్లలో ఆమె ఒక్క మాట అడగలా" అన్నాడు సారు.

సుందరవల్లి దిగ్గున తలెత్తింది. "ఏమంటా ఉండారన్నా? ఏటేటా రాసిచ్చినాను గదా!"

"ఏం రాసిచ్చినావమ్మా?"

"తెలుగు క్లాసును చివరి పీరియడులో పెట్టొద్దని! మీ చేతికే ఇచ్చినాను. చూస్తానమ్మా అని మీరే అన్నారు!"

ఆ కాగితాలు తెమ్మని ప్రిన్సిపాల్ గుమ్మం వైపు కేకేశాడు. ఏళుమలై పరుగున వెళ్లి ఫైలు తెచ్చాడు. తొమ్మిది కాగితాలు, మడత చెడకుండా, ఏ ఏటికాఏడు వరసగా ఉన్నాయి. కాగితాలు భద్రం చేయడంలో సారును మించినవాళ్లు లేరు మరి! ప్రిన్సిపాల్ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి ఆయన చేతికిచ్చాడు. "నాకు తెలుగు వింటే తెలుస్తుంది గానీ చదవడం రాదు. నువ్వు తెలుగువాడివి కదా, చదివి చెప్పు."

సారు కాగితం పట్టుకొని నిలబడ్డాడు. తప్పు ఒప్పుకోలేక నీళ్లు నములుతున్నాడని మొదట సుందరవల్లి అనుకుంది. తర్వాత ఆయన కళ్లు చూసింది. అవి పంక్తి వెంట పోవడం లేదు, ఒక్కచోటే నిలిచిపోయాయి. పాఠం రాని పిల్లవాడి చూపు ఎలా ఉంటుందో ఆమెకు ఇంకొకరు చెప్పాలా?

"అన్నా, మీకు తెలుగు చదివేదానికి రాదా?"

ముగ్గురి ముందు తొమ్మిదేళ్ల గుట్టు రట్టయింది. సారు తల వంచుకున్నాడు. ఏళుమలై గోడవైపు తిరిగాడు.

ఆమె లేచి, ఆ కాగితం తీసుకొని, తానే చదివింది. 'అన్నా, మూడున్నర క్లాసుకు నిలిస్తే పిల్లలకు నాలుగు గంటల పాసెంజరు తప్పిపోతుంది. మళ్లీ ఏడింటికి గానీ రైలు లేదు. అందుకని తెలుగిండ్ల పిల్లలే తమిళం రాసుకుంటున్నారు. తమిళం క్లాసు జరిగే రెండో పీరియడులో మావాళ్లు గది లేక వరండాలో ఊరికే కూర్చుంటారు. ఆ గంటలో నాలుగో నంబరు గదిలో మీ లెక్కల క్లాసు ఉంది. మీ పిల్లలు తొమ్మిదిమందే. వాళ్లను లైబ్రరీ బల్ల దగ్గర కూర్చోబెడితే గది మాకు వస్తుంది. నా గంటలు తగ్గించవద్దు. వేళ మారిస్తే చాలు.'

సారు గోడ మీది అట్టను తలుచుకున్నాడు. రెండో పీరియడు తనది. నాలుగో నంబరు గది తనది. తాను రోజూ ఎక్కేది కూడా ఆ నాలుగు గంటల పాసెంజరే! చివరి పీరియడు ఈ తొమ్మిదేళ్లలో తనకెన్నడూ పడలేదన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. బంగారం తూచినట్టు తూచాననుకుంటూ, మెత్తగా ఉన్న మనిషి మెడకు మోత మొత్తం చుట్టాడు. ఇంత అన్యాయం తన చేత్తోనే, అదీ పెన్సిలుతో ముచ్చటగా గీతలు గీసి చేశాడా అని ఆయనకు తన చేతిని చూస్తేనే భయమేసింది.

సుందరవల్లి కాగితం మడిచి, మిగిలిన ఎనిమిదింటి మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది. తిట్టివుంటే బాగుండేదని ఆయనకు అనిపించింది.

ఆ సాయంత్రం జాబులన్నీ ఇంటికి తీసుకుపోయి భార్య వనజాక్షి ముందు పెట్టాడు. ఆమెది పుత్తూరు, తెలుగు బడిలో చదువుకున్న మనిషి. తొమ్మిదీ చదివి ఆమె నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఏందయ్యా ఇది! ఈ తొమ్మిదేండ్లూ నేనీ ఇంట్లోనే ఉండాను గదా! నాకు చూపించుంటే చదివి చెప్పనా?"

నిజమే. ఇంట్లో దీపం పెట్టుకొని ఊరంతా చీకట్లో తడుముకున్నట్టయింది ఆయన బతుకు. మరునాడే మద్రాసు వెళ్లి, ఆఫీసు వరండాలో రెండు రోజులు కూర్చుని, తప్పు తనదేనని రాసిచ్చాడు. పిల్లల చేరికల లెక్క జూలై ఆఖరుకే ముగిసింది, ఇక కదపలేమన్నారు. సుందరవల్లి వెళ్లిన రోజు బస్టాండుకు కూడా పోయాడు. తణికాచలం పెట్టె బస్సు మీదికెక్కించి, ఈయన ముఖం చూడకుండానే అంగడికి నడిచిపోయాడు.

మరుసటి జూన్‌లో సారు అట్ట మీద మొదట రాసింది తన పేరు, ఐదు రోజులూ చివరి పీరియడులో. నాలుగో నంబరు గది రెండో పీరియడుకు ఖాళీ పెట్టాడు. అందులో కూర్చోవడానికి తెలుగు క్లాసే లేదు. రోజూ ఏడింటి రైలెక్కి ఇల్లు చేరి, అన్నం తిన్నాక వనజాక్షి దగ్గర పలక పట్టుకొని కూర్చునేవాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి 'క'కు గుణింతం దిద్దుతుంటే ఆమె నవ్వు ఆపుకోలేకపోయేది.

జూలైలో హోసూరు పక్కనుంచి జాబొచ్చింది. వనజాక్షి చెయ్యి చాపినా ఇవ్వలేదు. తిన్నె మీద కూర్చుని, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కున్నాడు.

'వదినా, ఇది అన్నకు చదివి వినిపించు. అన్నా, ఇక్కడ కూడా నాకు చివరి పీరియడే వేసినారు. టైంటేబిల్ వేసే ఆయన మన తెలుగాయనే. ఈసారి జాబు ఇచ్చే ముందు, సార్, మీకు తెలుగు చదివేదానికి వస్తుందా అని అడిగినాను. రాదమ్మా అని నవ్వేసినాడు. అక్కడే నిలబడి అరవంలో రాసిచ్చినాను. మరుసటి రోజుకే రెండో పీరియడు ఇచ్చినాడు. ఇప్పుడు నా క్లాసులో ముప్ఫై ఇద్దరు పిల్లలు.'

రాదమ్మా. ఆఖరు దాకా కూడబలుక్కున్నాక ఆయన వేలు మళ్లీ ఆ మాట దగ్గరికే వచ్చి ఆగిపోయింది. తొమ్మిదేళ్లు తన గొంతు దాటని మాట, అక్కడెవరో నవ్వుతూ అనేశాడు. దాంతో ఒక క్లాసు నిలిచింది.

"ఏమని రాసిందయ్యా?" అంది వనజాక్షి.

"నువ్వే చదువు వనజా," అని జాబు ఆమె చేతికిచ్చాడు. "నావల్ల కాలేదు."