కాక పోసిన ముగ్గు

నిన్న మా మేనల్లుడు, నేను ఒకప్పుడు పనిచేసిన అరబ్బు దేశపు ఊరు అల్ అమెరాత్ నుంచి ఫోన్‌లో ఒక వీడియో పంపాడు. కారులోంచి తీసిన వీధి, అంతే. "ఉత్త రోడ్డు మామా, దీనికోసమా నెల నుంచి సతాయించినవ్?" అని నవ్వాడు. వాడికేం తెలుసు! ఆ వీధికి ముగ్గు పోసింది మా రూమ్‌లో ఉండిన కాక.

తొంభైల మొదట్లో ఆ రూమ్‌లో ఆరుగురం. తలుపు తెరిచే ఉండేది, పోవడానికే దారి లేదు. పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉండేవి. కాకది జగిత్యాల దగ్గర పల్లె, మేస్త్రీ. బీడు నేల మీద తాడు పట్టి ముగ్గుపిండితో గీత పోశాడంటే ఇంజనీరు మళ్లీ కొలవక్కర్లేదు. అదే ఆయన కొంప ముంచింది. సెలవడిగితే మేనేజరు ఎప్పుడూ "ఈ వీధి అయ్యాక" అనేవాడు. వీధి వెనక వీధి. ఆయన వచ్చాక పుట్టిన కూతురికి మూడేళ్లు నిండాయి, తండ్రి మొహం ఎరగదు.

డిగ్రీ తప్పినా ఇంగ్లీషు వచ్చని నాకో పొగరు. చెత్తలో దొరికిన అట్టలేని పుస్తకాన్ని శుక్రవారాలు తెలుగులో చెప్పేవాణ్ణి. నూరేళ్ల కిందటి అమెరికావాడొకడు ఎడ్లబండి కట్టుకుని పడమటికి పోయి, ఎవరూ లేని చోట గూటాలు పాతి, ఊరు కట్టి, ఓట్లు గెలిచి శాసనసభలో కూర్చున్న కథ. కాక మధ్యలో ఆపేవాడు. "గాయిన పాస్‌పోర్టు ఎవల దగ్గరున్నదిరా?" రూమంతా నవ్వేది, ఆయన తప్ప.

ఆ బాధ చూడలేక నేనే ఉపాయం చెప్పాను. "కాకా, ఒక్క గీత వంకర పొయ్యి. పనికిరాడని ఇంటికి తోలుతరు." మర్నాడు సాయంత్రం నిజంగానే పోశాడు. నా సంబరం ఇంతా అంతా కాదు. తెల్లారి డ్యూటీకి వెళ్లేసరికి మోకాళ్ల మీద కూచుని, దాన్ని చెరిపి తిన్నగా పోస్తున్నాడు.

"నాతోని కాలేదురా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "రేపు ఈ వీధిల ఎవలో ఉంటరు గదా."

ఆ శుక్రవారం పుస్తకంలో చివరి పేజీ. అమెరికావాడు పుట్టినూరికి మళ్లీ పోనేలేదు, తను కట్టిన ఊళ్లోనే కన్నుమూశాడు. కాక నా మొహమే చూస్తున్నాడు. "ఇంటికి పోయిండా?"

"పోయిండు కాకా. బిడ్డ ఉరికచ్చి సంకెక్కింది," అన్నాను. ఇంగ్లీషు వచ్చినందుకు నాకు సిగ్గేసింది ఆ ఒక్కరోజే.

మరో రెండేళ్లకు దొరికింది సెలవు. ఇద్దరం కలిసే ఆయన ఊరికి వెళ్లాం. వాకిట్లో ఆడుకుంటున్న పిల్ల ఆయన్ని చూసి లోపలికి పరుగెత్తింది. "అమ్మా, ఎవలో వచ్చిండ్రు!"

వీడియోలో ఆ వీధి ఇప్పటికీ తిన్నగానే ఉంది. ఆ అయిదేళ్లు మాత్రం, చెరిపి మళ్లీ పోసుకోవడానికి ముగ్గుపిండి గీత కాదుగదా.