కుంకుమ పెట్టిన పదకొండు పిన్నులు

నలభై ఏళ్లు తాడేపల్లిగూడెంలో రైసుమిల్లులకు లేతు మీద ఇరుసులు తిప్పినవాణ్ణి. చదువు రెండో తరగతితో సరి. నా చేతిపనికి వంక పెట్టినవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఇప్పుడు వర్క్‌షాపు నా కూతురు సుజాత చూస్తోంది. మిలట్రీకి సామాను చేసే ఏలూరు కంపెనీ ఒకటి మాకు రెండు వందల ఉక్కు పిన్నుల పని ఇచ్చింది. మొదటి సరుకు గవర్నమెంటు తనిఖీలో నెగ్గితేనే మా పేరు వాళ్ల జాబితాకెక్కుతుంది. అందుకే పిన్నుల పెట్టె పట్టుకుని నేనూ సుజాతా బయలుదేరాం. మాలాంటి చిన్న షెడ్లవాళ్లు ఈ దారి పట్టాలనుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

ఉదయం ఏడింటికి రైలెక్కితే గంటలో ఏలూరు. టికెట్టు యాభై లోపే. కంపెనీ ఊరి బయట. ఆటో అతను నూట యాభై అడిగి నూట ఇరవైకి వచ్చాడు. పెట్టె ఒళ్లోంచి దించలేదు నేను.

"ఏంటండీ బాబాయిగారూ, పూతరేకులేమన్నానా, అంత జాగ్రత్త?"

"పిన్నులు. మిలట్రీకి."

"తుపాకీలోకాండీ?"

"దేనిలోకో చెప్పరు. కొలత చెబుతారు, అంతే."

"మా ఆవిడా అంతేనండి. కూరేంటో చెప్పదు, ఉప్పు సరిపోయిందా అని అడుగుద్ది."

కంపెనీలో తనిఖీకి వచ్చిన ప్రభుత్వ అధికారిణికి ముప్పై ఏళ్లుంటాయేమో. పై వరసలో ఒక పిన్ను తీసి దీపం కింద తిప్పింది.

"ఈ మచ్చేంటండీ?"

కొత్త పనిలో మొదటి ముక్కలకు పసుపు కుంకుమ పెట్టడం మా షాపులో ఆచారం. ముందురోజు పదకొండు పిన్నులకు తడి పసుపు రాశాను. పొద్దున తుడిచేశాను గానీ, అప్పటికే తుప్పు పొడ వచ్చేసింది. మిల్లు ఇరుసు మీదైతే అది ఎవడూ చూడడు.

"పూజ చేశారా నాన్నా వీటికి?" అంది సుజాత, పళ్లు బిగబట్టి.

"చేశాను. పదకొండు పిన్నులకే. అన్నీ పై వరసలో ఉన్నాయి," అని అధికారిణికే చెప్పేశాను.

కంపెనీ మేనేజరు కలగజేసుకున్నాడు. "చిన్న మచ్చేనండి మేడం. ఆర్డరు ఆలస్యమైపోద్ది."

"అవ్వనివ్వండి. రెండొందలూ చూస్తాను. నాలుగింటికి రండి."

"నా చేతి మీద నమ్మకం లేదాండీ?" అన్నాను.

"ఉందండీ. అయినా చూస్తాను."

నాలుగింటిదాకా ఏం చెయ్యాలి? కైకలూరు బస్సెక్కాం. గంట పైన పట్టింది. అక్కణ్ణుంచి ఆటపాక పక్షుల కేంద్రం దగ్గరే. శీతాకాలం కదా, కొల్లేట్లో పక్షుల కోసం కట్టిన మంచెల నిండా గూడబాతులు ఉన్నాయి. సుజాత వాటినే చూసింది, నన్ను చూడలేదు. రోడ్డు పక్క పాకలో చేపల పులుసు భోజనం నూట ఇరవై. వడ్డించే ఆవిడ కనిపెట్టేసింది.

"అమ్మాయిగారు తినట్లేదేంటండీ, చేప బాలేదా?"

"బానే ఉందండీ. నాన్న మీద కోపం."

"అయితే ఇంకో ముక్క వేస్తానుండండి. కోపానికి బలం కావాలి కదండీ."

అప్పుడు నవ్వింది నా కూతురు.

నాలుగింటికి వెళ్లేసరికి నూట ఎనభై తొమ్మిది నెగ్గాయి. పదకొండు పక్కన పెట్టి ఉన్నాయి. కొలతలో ఒక్కటీ పోలేదు, మచ్చకే పోయాయి.

"వీటిని ఇక్కడే కోసెయ్యాలండి. పాత ఇనుము కొట్టుకెళ్లి మళ్లీ ఎక్కడా తేలకూడదు," అంది అధికారిణి.

"ఒకటి ఇంట్లో పెట్టుకుంటానమ్మా."

"కుదరదండీ."

"అయితే కోసేది నేనే." రంపం తీసుకుని పదకొండూ కోశాను. ఆ అమ్మాయి నిలబడి చూసి, ముక్కలు లెక్కపెట్టి, అప్పుడు మా పేరు జాబితాలో రాయించింది.

కొలతల బొమ్మ గీసి ఇచ్చేది గవర్నమెంటే, కొనేదీ అదే. కొనేవాడు ఒక్కడే అయితే, చేసేవాడు కాళ్లయినా పట్టుకుంటాడు, కళ్లయినా కప్పుతాడు అనుకునేవాణ్ణి. ఆ రోజు రెండూ సాగలేదు. ఆ పిన్ను ఏ బండిలో పడుతుందో నాకు తెలియదు. ఆ బండెక్కే జవానుకు నేనెవరో తెలియదు. మధ్యలో ఆ అమ్మాయి ఉంది, చాలు.

వెళ్లేవాళ్లకు ఒక మాట. పసుపు కుంకుమ మానక్కర్లేదు, పెట్టె మూతకు పెట్టండి. లోపల సరుకుకు మాత్రం నూనె రాసి కాగితం చుట్టండి.