యల్లా సారు విమానం ఎక్కిన రోజు

తొంభైల్లో నేను దోహా విమానాశ్రయంలో మెకానిక్‌గా పనిచేశాను. మా షిఫ్టు ఇన్‌ఛార్జి మనవాడే, తెనాలి వైపాయన. మనిషి మంచివాడు. నోరు తెరిస్తే మాత్రం "యల్లా, యల్లా" అనేవాడు, కానీయండి కానీయండి అని. అరబ్బులు కూడా అన్నిసార్లు అనరు. విమానం ఆలస్యమైతే పైవాళ్ళు ఫోన్లో ఆయన్ని తిట్టేవాళ్ళు, ఆయనొచ్చి మమ్మల్ని తరిమేవాడు. టైరు అరిగిందంటే "ఇంకో ల్యాండింగుకి వస్తుందిలే" అనేవాడు. ఎక్కడైనా నూనె కారుతోందంటే "తుడిచేసి పంపెయ్, బొంబాయిలో చూసుకుంటారు" అనేవాడు. నేను కుదరదనేవాణ్ణి. "నీదంతా చాదస్తం. మీ కర్నూలోళ్ళంతా ఇంతే" అని విసుక్కుని, పని పూర్తయ్యేదాకా నాతో మాట్లాడేవాడు కాదు.

ఒక వేసవిలో ఆయన పెళ్ళాం పిల్లలతో సెలవుకి బయల్దేరాడు. ఆ మధ్యాహ్నం బొంబాయి విమానం చూసే డ్యూటీ నాకే పడింది. నేల పెనంలా కాలుతోంది. చక్రాల దగ్గర వంగి చూస్తే, ఒక బ్రేకు నుంచి నూనె చుక్కలు చుక్కలుగా పడుతోంది. మోకాళ్ళ కింద అట్టముక్క వేసుకుని కూర్చున్నాను. అంతలో ప్రయాణికుల బస్సు వచ్చి ఆగింది. అందరూ మెట్లవైపు నడుస్తుంటే, సఫారీ సూటేసుకున్న మా సారు ఒక్కడే నా వైపు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? అక్కడేం చేస్తున్నావ్?"

"బ్రేకు కారుతోంది సార్."

"ఎక్కువా?"

"చుక్కలే. రోజూ మీరు చెప్పినట్టే తుడిచేసి పంపెయ్యమంటారా? బొంబాయిలో చూసుకుంటారు."

ఆయన మొహం చూడాలి! "నీకేమన్నా మతి పోయిందా? ముందు మార్చు దాన్ని. పిల్లలున్నారయ్యా!"

చిన్నదాన్ని చంకనేసుకుని వెనకాలే వచ్చిన వాళ్ళావిడ అంతా వింది. "ఏమండీ, మరి ఇన్నాళ్ళూ మనం ఎక్కని విమానాలు ఎలా పంపించారు?" అంది.

సారు కాలరు వదులు చేసుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. కానీ ఆయన వంగి ఆ చుక్కలకేసే చూస్తుంటే ఆపుకున్నాను. కొత్త బ్రేకు కోసం అప్పటికే స్టోర్సుకి కబురు పంపానని చెప్పాక గానీ ఆయన ఊపిరి పీల్చుకోలేదు.

ప్రయాణికులందర్నీ మళ్ళీ టెర్మినల్‌కి తీసుకెళ్ళారు. దోహా దగ్గర మెసయీద్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీలో పనిచేసే కరీంనగర్ ఆయనొకడు "ఇంకెంతసేపు కూసోవెడ్తరు? బొంబాయిల నా బస్సు పోతది" అని గొడవకి దిగితే, మా సారే లేచి సర్దిచెప్పాడట: "ఆలస్యమైతే ఏం బాబూ, క్షేమంగా వెళ్ళడం ముఖ్యం కదా!" తర్వాత వాళ్ళావిడే ఈ సంగతి మాకు చెప్పి పడీ పడీ నవ్వింది.

సెలవు నుంచి తిరిగొచ్చి అందరికీ బందరు లడ్లు పంచాడు. మనిషి పూర్తిగా మారిపోయాడని చెప్పను. "యల్లా" మానలేదు. కానీ ఓ రోజు నేను టైరు మార్చబోతుంటే పైనుంచి ఫోనొచ్చింది. రిసీవరుకి చెయ్యి అడ్డంపెట్టి, "ఎంతసేపు పడుతుంది? నిజం చెప్పు" అన్నాడు.

"గంట సార్."

"గంటన్నర పడుతుంది. ఈలోపు ఫోన్ చెయ్యకండి" అని వాళ్ళతో చెప్పి పెట్టేశాడు.

ఆ మిగతా అరగంటలో బిగించినవన్నీ నింపాదిగా రెండోసారి చూసుకున్నాను. ఆయన రెక్క నీడలో నిలబడి, వాచీ వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలూ పడ్డాడు.