పసుపు ఎర్రబడిన బీడు

మా పెద్దాయన చనిపోయిన నెలకు గుంటూరులో సంతాప సభ పెట్టారు. ఒక వక్త ఆయన్ని ‘నేలతల్లి ముద్దుబిడ్డ’ అన్నాడు. ఆయన ఆ మాట విని ఉంటే ‘ఏ పొర?’ అని అడిగేవారు. ఆయనకు నేలంటే పొరలు. పై పొర, దాని కింది పొర, ఆ కిందిది. ఒక్కోదానికి రంగు వేరు, గట్టితనం వేరు, ఇసుక ఎంత, బంక ఎంత అన్నది వేరు. అవన్నీ చూసి, రాసి, ఆ నేల ఏ తరగతిదో తేల్చడం మా ఉద్యోగం. ఆయన ఆఫీసరు. ఆయన చెప్పింది రాసుకోవడం నా పని.

సభలో నాకు రెండు నిమిషాలు ఇచ్చారు. లేచి, ఆయన మంచివారని చెప్పి కూర్చున్నాను. చెప్పాలనుకున్న సంగతి వేరే ఉంది గానీ అందులో గొర్రెలున్నాయి. సంతాప సభలో గొర్రెల దగ్గర మొదలుపెట్టడం ఎలాగో నాకు తెలియలేదు.

అవి తొంభైల చివర, పత్తి పిచ్చి బాగా ముదిరిన రోజులు. గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసే చోట ఒక ఊళ్ళో చౌడు బీడు ఉండేది. ఊరి చుట్టూ నల్లరేగడి, మిరప, పత్తి. ఈ బీడు మాత్రం ఎండాకాలంలో సున్నం చల్లినట్టు తెల్లగా ఉండేది, వానాకాలంలో కాలు పెడితే జారేది. పొట్టి గడ్డి, అక్కడక్కడా తుమ్మ చెట్లు. ఊరి గొర్రెలకు అదే మేత. ఆ ఊరి సర్పంచిని అందరూ ప్రెసిడెంటుగారు అనేవారు. బీడును పత్తి వేసుకోవడానికి జనానికి పంచాలని ఆయన అర్జీ పెట్టారు. నేల సాగుకు పనికొస్తుందో లేదో చూసి చెప్పమని మమ్మల్ని పంపారు. పనికొస్తుందని రాస్తే ట్రాక్టరు దిగుతుంది, గొర్రెలకు నిలవడానికి చోటుండదు.

గొర్రెల తరఫున మాట్లాడింది ఒక అవ్వ. మంద ఆమెదే, మేపేదీ ఆమే. మేం జీపు దిగేసరికి మందతో సహా ఎదురొచ్చింది.

“మట్టి ఆఫీసర్లా బాబూ? మీకు శ్రమ అక్కర్లా, నేను చెప్తా రాసుకోండి. ఇంత పాడు నేల ఏడేడు లోకాల్లో ఉండదు. ఇత్తనం ఏస్తే ఇత్తనవే ఏడుస్తది.”

“ఆవిడ మాట పట్టించుకోకండి సార్,” అన్నారు ప్రెసిడెంటుగారు. “బంగారం లాంటి నేల. నిద్రపోతంది, అంతే. లేపితే లేస్తది.”

“లేపు బాబూ. మీ బామ్మర్దినే పొద్దెక్కేదాకా లేపలేకపోతన్నావు. నేలని లేపుతావా?”

మా పద్ధతి ప్రకారం ముందు మనిషి లోతు గుంట తవ్వాలి. అందులో దిగి, గోడ చెక్కి, పొరలు చూడాలి. కూలీ పార ఎత్తబోతుంటే ప్రెసిడెంటుగారు ఆపేశారు. కొబ్బరికాయ కొట్టందే పార వెయ్యకూడదన్నారు.

“ఇది బావి కాదండీ,” అన్నారు పెద్దాయన. “చూసి మళ్ళీ పూడ్చేస్తాం.”

“పూడ్చినా గుంట గుంటేగదండీ. భూదేవినడక్కుండా పొడుస్తామా?”

ఇంటినుంచి కొబ్బరికాయ, చెంబుడు పసుపునీళ్ళు వచ్చాయి. కాయ కొట్టారు. పసుపునీళ్ళు చల్లారు. చూస్తుండగానే ఆ పసుపు, పడిన చోటల్లా ఎర్రబడింది. లేత ఎరుపు కాదు, ఇటిక ఎరుపు.

అందరం ఒకేసారి ముందుకు వంగాం. గొర్రెలు కూడా మేత ఆపాయని నాకు గుర్తు. బహుశా అది నేను తర్వాత కలుపుకున్నదేమో.

“చూశారా సార్!” అన్నారు ప్రెసిడెంటుగారు. “పసుపిస్తే కుంకం తిరిగిచ్చింది తల్లి! ఒప్పుకుంది!”

“కుంకవా పాడా!” అంది అవ్వ. “నెత్తురు కక్కింది. నన్ను పొడవొద్దురా దేవుడా అని చెప్తంది.”

పెద్దాయన నెమ్మదిగా వివరించారు. చౌడు నేలలో క్షారం ఉంటుంది. సున్నం తగిలినా క్షారం తగిలినా పసుపు ఎర్రబడుతుంది. “పెళ్ళిళ్ళలో పారాణి చేస్తారు కదండీ, పసుపులో సున్నం కలిపి. అదే ఇది.”

“పారాణా!” ప్రెసిడెంటుగారు చేతులు జోడించారు. “అయితే ఇంకా శుభం!”

పెద్దాయన పట్టు వదల్లేదు. మా పెట్టెలోంచి పరీక్ష మందు సీసా తీసి, “ఇవి మంత్రం లేని నీళ్ళు, చూడండి” అని ఆ మట్టిమీద రెండు చుక్కలు వేశారు. ఆ మందు క్షారం తగిలితే గులాబీ రంగుకు తిరుగుతుంది. తిరిగింది.

“గవర్నమెంటు నీళ్ళు కూడా తీసుకుంది!” అన్నారు ప్రెసిడెంటుగారు.

పెద్దాయన సీసా మూత బిగించి, “తవ్వించవయ్యా” అన్నారు నాతో.

గుంటలో ఆయన పనిచేసే తీరు తెలియనివాళ్ళకు వింతగానే ఉంటుంది. మట్టిగడ్డ విరిచి, మా దగ్గరుండే రంగుల పుస్తకంలో బిళ్ళల పక్కన పెట్టి, ఏ రంగుకు సరిపోతుందో చూసేవారు. బిళ్ళ తిప్పడం, తల అడ్డంగా ఊపడం, ఇంకో బిళ్ళ. అవ్వ గుంట అంచున గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది.

“జాకెట్టుముక్క కుదరలేదా బాబూ?”

“కుదరలేదమ్మా. కాస్త ముదురు కావాలి,” అన్నారాయన తలెత్తకుండా. ఆయనది చీరాల. నేతగాళ్ళ ఇంట పుట్టారు. ఇలాంటి బేరాలు చిన్నప్పటినుంచీ విన్న మనిషి.

తర్వాత మట్టి తడిపి, బొటనవేలితో ఒత్తి నాడాలా సాగదీశారు. ఎంత పొడుగు సాగితే అంత బంక ఉన్నట్టు. ఆ తర్వాత చిటికెడు నాలుకమీద వేసుకున్నారు. పుస్తకాల్లో వద్దన్నా ఆయనకు ఆ అలవాటు పోలేదు. అవ్వ ఉలిక్కిపడి లేచింది.

“అయ్యో, మట్టి తింటన్నాడే! ఎన్నో నెల బాబూ?”

కూలీ పార పడేసి నవ్వాడు. పెద్దాయన ఉమ్మేసి, “రాసుకో. రుచి, సబ్బు నురగ” అన్నారు. రాసుకున్నాను.

మధ్యాహ్నం గుంట గట్టున సద్ది విప్పుకుని తింటుండగా కింద ఏదో చప్పుడైంది. గుంటలోకి దిగడానికి మేం ఒకవైపు మెట్లు తీయిస్తాం. ఆ మెట్లమీదుగా ఒక పొట్టేలు దిగి, పెద్దాయన పొద్దుటినుంచీ చెక్కి నునుపు చేసిన గోడను నాకుతోంది. దాని వెనక ఇంకో రెండు వరసలో ఉన్నాయి. పశువులకు ఉప్పుమట్టి ఇష్టమని మాకు తెలుసు. గోడ వాటికి తగిన ఎత్తులో ఉంటుందని మాత్రం తోచలేదు. పై పొర అంచు నున్నగా అరిగిపోయింది. కొలతకని వేలాడదీసిన గుడ్డ టేపు కొస పొట్టేలు నోట్లో ఉంది.

“నా గొర్రె నాకిందంటే ఉప్పు నేలేగా!” అంది అవ్వ పైనుంచి. “ఇంకేం చూడాల? అది చెప్పింది రాసుకోండి.”

పెద్దాయన పొట్టేలు నోట్లోంచి టేపు లాగారు. అది వదల్లేదు. ఇద్దరూ కాసేపు అలా లాక్కున్నారు. చివరికి టేపు తెగింది. ఆయన దగ్గర మిగిలిన ముక్క చూసుకుని, “పైన జానెడు పోయింది. ఇకనుంచి ప్రతి లెక్కలోనూ జానెడు తగ్గించు” అన్నారు నాతో, ఆఫీసులో మాట్లాడే గొంతుతోనే.

గోడ మళ్ళీ చెక్కాం. కింది పొరలో గడ్డలు స్తంభాల మాదిరి నిలువుగా, పైన గుండ్రంగా ఉన్నాయి. ముదిరిన చౌడుకు అది గుర్తు. నీళ్ళు దిగవు, వేళ్ళు దిగవు. ఆ వరస చూసి ఆయన ముఖం వెలిగింది. “ఎంత చక్కగా ఉన్నాయో చూడు” అన్నారు. పనికిరాని నేలను చూసి అంత సంతోషించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అసలు గొడవ మర్నాడు. మేం ఊళ్ళోకి వచ్చేసరికి ఆడవాళ్ళందరూ చెంబులతో చేలల్లో ఉన్నారు. రాత్రికి రాత్రి మాట పాకింది. అమ్మ బీడులో పసుపు తీసుకుని కుంకం ఇచ్చిందట. మన చేలో ఇస్తుందో లేదో చూడొద్దూ? ఎవరి చేలో వాళ్ళు పసుపునీళ్ళు చల్లుకున్నారు. మంచి రేగడిలో పసుపు పసుపుగానే ఉంటుంది. అలాగే ఉంది. ఏపుగా కాసే మిరపచేలన్నిటిలో అమ్మ మొహం తిప్పుకుంది.

జీపుకు అడ్డంగా నిలబడింది ప్రెసిడెంటుగారి భార్య. ఖాళీ చెంబు చేతిలో ఉంది.

“ఏవండీ ఆఫీసరుగారూ, మా ఆరెకరాల్లో నాలుగు మూలలా చల్లానండీ. ఒక్కచోటా తిరగలా. ఊళ్ళో మొదటి చేను మాదండీ! మేవేం పాపం చేశాం?”

“మీ చేను చాలా మంచిదమ్మా. అందుకే తిరగలేదు,” అన్నారు పెద్దాయన.

“మంచిదైతే అమ్మ ఎందుకు తీసుకోలా?” ఆమె భర్తవైపు తిరిగింది. “కుంకమిచ్చింది, ఒప్పుకుందని ఊరంతా చాటించి వచ్చారుగా? అంటే మన చేను ఒప్పుకోనట్టేగా? రేపు మిరప కుళ్ళితే ఊళ్ళో ఏవంటారు? ముందు మీ మాట వెనక్కి తీసుకోండి.”

ప్రెసిడెంటుగారు బీడు వైపు చూశారు. తన చేను వైపు చూశారు. ఎరుపు శుభమైతే ఆయన చేను అశుభం. ఎరుపు నెత్తురైతే బీడును ముట్టుకోకూడదు. ఆయన ఎక్కువసేపు ఆలోచించలేదు.

“అవ్వ చెప్పిందే నిజమండీ,” అన్నారు గట్టిగా, అందరికీ వినబడేట్టు. “అది నెత్తురే. నిన్న ఎండలో సరిగ్గా కనపళ్ళా.”

“కళ్ళజోడు పెట్టించుకో బాబూ,” అంది అవ్వ.

ఆ సాయంత్రమే అర్జీ వెనక్కి తీసుకుంటానన్నారాయన. నాకు నవ్వాగలేదు. అర్జీ ఉన్నా లేకున్నా మా రిపోర్టు మేం ఇవ్వాల్సిందే గనక, పెద్దాయన మాత్రం నవ్వకుండా పటం విప్పారు. బీడు అంచుల్లో చౌడు ఎక్కడ ఆగి రేగడి ఎక్కడ మొదలవుతుందో తేల్చడం పెద్ద పని. గుంట తరవాత గుంట తవ్వాలి. ఇప్పుడు ఊరి ఆడవాళ్ళు గట్టుగట్టుకూ పసుపు చల్లి పెట్టారు. ఎరుపు ఆగి పసుపు మొదలైనచోటల్లా గీత గీసుకుంటూ ఆయన బీడు చుట్టూ నడిచారు, నేను వెనకే. గీత మీద అనుమానం వచ్చిన చోట, “అమ్మా, ఇక్కడ కాస్త చల్లండి” అని అడిగారు. చల్లారు. ఆయన సీసా ఆ రోజు పెట్టెలోంచి బయటికి రాలేదు.

ఆయన భుజంమీద తువ్వాలుకూ పసుపు అంటింది. ఇంట్లో ఆయన భార్య దాన్ని సబ్బుతో ఉతికితే ఎర్రబడింది. ఎవరితో తలపడి వచ్చారని ఆవిడ నిలదీశారట. “పొట్టేలుతో” అన్నారట ఈయన.

ల్యాబులో పరీక్షలయ్యాక మళ్ళీ వెళ్ళాం. జిప్సం వేసి మంచినీళ్ళతో కడిగితే చౌడు బాగవుతుంది. కానీ అక్కడికి కాలవ రాదు, బోరు నీళ్ళూ ఉప్పనే. ఆ సంగతి అవ్వకు చెప్పడానికి పెద్దాయన బీడులోకి నడిచారు. పూడ్చిన గుంటమీద గొర్రెలు నాకుతూ నిలబడి ఉన్నాయి.

“నువ్వు గెలిచావమ్మా. సాగుకు పనికిరాని భూమి అని రాశాం. ఇక ఎవరూ దున్నరు.”

అవ్వ సంతోషిస్తుందనుకున్నాం. ఆమె కర్ర నేలకు ఆనించి నిటారుగా నిలబడింది.

“పనికిరాదని రాశావా? కాయితం మీద?”

“నువ్వేగా అమ్మా పాడు నేలన్నావు!”

“నేనంటా. నా కొడుకుని ఎదవ అని రోజూ అంటా. నువ్వొచ్చి అంటే ఊరుకుంటానా? ఇన్ని జీవాలు దీనిమీద బతుకుతంటే పనికిరాదని ఎట్టా రాస్తావయ్యా? ఇయ్యి తినేది గాలా?”

పెద్దాయన నా చేతిలోంచి రిపోర్టు తీసుకున్నారు. మా తరగతుల్లో ఆ నేల మేతకు తగిన తరగతే. కానీ మేం ఎప్పుడూ ముందు సాగుకు పనికిరాదని రాసి, మేత సంగతి కింద చిన్నగా రాసేవాళ్ళం. ఆయన పై వాక్యం కొట్టేసి, ‘గొర్రెల మేతకు మంచి నేల’ అని రాసి, ఆమెకు చదివి వినిపించారు.

“బా మంచి అని రాయి,” అంది అవ్వ.

‘చాలా’ చేర్చారు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు, ఆయన రిటైరయ్యే ముందు, వేరే పనిమీద ఆ దారిన వెళ్తూ జీపు ఆపించారు. అవ్వ పోయింది. ఆమె కోడలు గొర్రెలు మేపుతోంది. మమ్మల్ని గుర్తుపట్టలేదు. ఇది ఎలాంటి నేలమ్మా అని అడిగారు పెద్దాయన.

“బా మంచి మేత నేలండీ. గవర్నమెంటోళ్ళే వచ్చి, పసుపు చల్లి, అమ్మనడిగి, కాయితం మీద రాసిచ్చి పోయారు. పెద్ద ఆఫీసరట. మట్టి కూడా తిన్నాడంట.”

ఉద్యోగమంతా పరీక్ష మందు సీసా మోసిన మనిషి ఆయన. సరిదిద్దుతారేమోనని చూశాను.

“తినే ఉంటాడమ్మా,” అన్నారు. వంగి చిటికెడు మట్టి తీసి నాలుకమీద వేసుకుని, జీపెక్కారు.