కమాను కింద వదిలేసిన జానెడు గోడ

నా చిన్నప్పుడు, డెబ్బైల్లో, మా ఇంట్లో మాటలు ఆగిపోయిన వేసవి ఒకటుంది. ఆ ఏడు చలికాలం చివర్లో అమ్మ జ్వరంతో పోయింది. నాకు ఎనిమిదేళ్లు. ఏడుపు రాలేదు. ఆకలీ తెలిసేది కాదు.

మా నాన్న తాపీ మేస్త్రి. మేముండే భవానీపురంలో నన్ను కనిపెట్టుకుని ఉండేవాళ్లు లేక పనికి వెంటబెట్టుకుని వెళ్లేవాడు. వేసవికి కాలువల్లో నీళ్లు కట్టేశాక ఏలూరు కాలువ మీద ఒక పాత వంతెనకి అడుగున సిమెంటు పూత వేసే పని దొరికింది.

రోజంతా ఆ నీడలోనే కూర్చునేదాన్ని. అక్కడ ఒక పిట్టల జంట ఉండేది. తల మీద ఇటుకరంగు టోపీ, నిగనిగలాడే నీలం వీపు, తెల్లటి కడుపు, తోక నుంచి వెంట్రుకంత సన్నటి రెండు తీగలు. కాలువలో మిగిలిన మడుగు అంచున వాలి, నోటితో బురద తెచ్చి, ఉండలు ఉండలుగా వంతెన కమానుకి అంటించాయి. సగం చిప్పలాంటి గూడు. లోపల ఈకలు పరిచాయి. ఇవే పిట్టలు ఆఫ్రికాలోనూ ఉంటాయనీ, అక్కడా నీళ్ల దగ్గర వంతెనల కిందే కడతాయనీ టీచరునయ్యాక చదివాను. అప్పుడు మాత్రం ఊరికే చూశాను. ముచ్చటేసిందని అబద్ధం చెప్పను.

పూత గూటి దాకా వచ్చేసరికి అందులో పిల్లలున్నాయి. నాన్న దాని చుట్టూ జానెడు వదిలేసి పక్క కమానుకి వెళ్లిపోయాడు. సాయంత్రం ఓవర్సీరుగారు చూశారు.

"అదేంటి మేస్త్రీ, మధ్యలో వదిలేశావ్?"

"అక్కడ చెమ్మగా ఉందండీ. ఆరాక వేస్తానండీ."

"నీళ్లు వదిలేలోపు అవ్వకపోతే ఇక పనికి రానక్కర్లేదు."

"అలాగేనండీ."

చెమ్మ లేదు. రోజూ ఆ గోడకి ఆనుకునే కూర్చునేదాన్ని, నాకు తెలుసు. నాన్న అబద్ధమాడగా వినడం అదే మొదలు.

రెండు వారాలకి పిల్లలు ఎగిరిపోయాయి. ఆ ఆదివారం చర్చి నుంచి నాన్న నన్ను నేరుగా వంతెన దగ్గరికి తీసుకెళ్లాడు. ఖాళీ గూడు ఊడదీసి గట్టున పెట్టాడు. నన్ను నిచ్చెన ఎక్కించి, "గట్టిగా పట్టుకో అమ్మా" అంటూ తాపీ చేతికిచ్చి, నా చేతి మీద తన చెయ్యి వేసి, ఆ జానెడూ పూయించాడు. అమ్మ పోయాక ఆయన నన్ను తాకడం అదే మొదటిసారి. అరచెయ్యి సిమెంటుకి ఒరుసుకుపోయి గరుగ్గా ఉంది. ఇద్దరం ఏడవలేదు.

ఇప్పటికీ ఎవరింట్లోనైనా మనిషి పోతే నాకు ఓదార్పు మాటలు రావు. వెళ్లి పక్కన కూర్చుంటాను. అంట్లు ఉంటే తోమి వస్తాను.