భుజం మీద రెండు తట్లు

సూరత్‌లో భేస్తాన్ వెళ్లే సిటీ బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్లు అన్నదమ్ములు. ఆ ఊళ్లోనే ముప్పయ్యేళ్లు ఒకే కార్ఖానాలో మగ్గాలు నడిపారు. నేను ఫోన్లో తెలుగు మాట్లాడడం విని తమ్ముడు పలకరించాడు. ఆసుపత్రి నుంచి వస్తున్నారట.

“మా అన్న నన్ను గుర్తువడుతలేడు సార్. తలకు వైర్లు పెట్టి చూసిండ్రు. మెదడుల ఒక తాన లేచిన అల, యాది దాచే ఇంకో తానకు పోవాల్నట. నడుమనే ఆగిపోతున్నదట.”

“నువ్వు ఏ ఊరోనివి బిడ్డా?” అని అన్న తమ్ముణ్ని అడిగాడు.

“నీ ఊరే. నీ పాత అంగీలన్నీ తొడిగినోన్ని.”

మగ్గాల హోరులో మాట వినిపించదు. అందుకే పోగు తెగితే, ఆ మగ్గం నడిపేవాడి భుజం మీద పక్కవాడు రెండుసార్లు తడతాడట. “చూడుండ్రి సార్,” అంటూ తమ్ముడు అన్న భుజం అలాగే తట్టాడు. పెద్దాయన చటుక్కున వంగి వెతికాడు. నా సంచి అంచున తెగి వేలాడుతున్న రెండు పోగులు కనిపించాయి. వాటిని కలిపి క్షణంలో ముడి వేశాడు. ఆ ముడి ఇప్పటికీ ఊడలేదు.

“చేతులకు పని యాదికున్నది. నేనే లేను,” అన్నాడు తమ్ముడు.

భేస్తాన్‌లో తమ్ముడు చెయ్యి పట్టి దించుతుంటే, పెద్దాయన నావైపు తిరిగి మెల్లగా అన్నాడు: “ఎవరో గానీ, మంచోడు.”