టాపు కోసిన అమెరికా కారు

మా అన్న ఎవరు దొరికినా చెప్పే కథ ఒకటుండేది. షెడ్డు పెట్టకముందు అతను మామిడికాయల లారీ మీద తిరిగేవాడు. ఒకసారి తడ చెక్‌పోస్టు దగ్గర లారీల వరుసలో ఆగి ఉండగా, పైకప్పు లేని ఎర్రటి అమెరికా కారు ఒకటి వచ్చి పక్కన నిలిచిందట. రెండే తలుపులు, మంచమంత బానెట్టు, లోపల ఇద్దరు తెల్లవాళ్ళు, వాళ్ళ నెత్తిన మిట్టమధ్యాహ్నపు ఎండ. గేటు ఎత్తగానే ఆ కారు కదిలిన తీరు చెప్పవలసి వచ్చేసరికి అన్న మాటలు ఆపేసి, గొంతులోంచి ఎనిమిది సిలిండర్ల చప్పుడు చేసేవాడు. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు నవ్వొచ్చేది కాదు, ఎన్నిసార్లు విన్నా ఒళ్ళు జలదరించేది.

చిత్తూరులో అన్నది టింకరింగ్ షెడ్డు. గుద్దుకున్న కార్ల సొట్టలు తీయడం, తుప్పు తిన్న రేకు కోసి కొత్తది అతకడం పని. అతను సొట్ట తీసిన చోట అరచేత్తో తడిమినా తేడా తెలిసేది కాదు. కోర్టు దగ్గరి వకీళ్ళు, ఆఫీసు జీపుల డ్రైవర్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. చదువు మాత్రం అయిదో తరగతితో సరి. ఇద్దరిలో ఒక్కణ్ణే చదివించగలననుకున్న నాయన, పెద్దవాణ్ణి లారీ ఎక్కించి నన్ను బడిలో ఉంచాడు. నన్నే ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని భయం.

అట్లా నేను తిరుపతిలో డిగ్రీ దాకా వచ్చాను, అదీ ఇంగ్లీషు సాహిత్యం. బస్టాండు దగ్గర పాత పేపర్ల కొట్లో అప్పుడప్పుడు అమెరికా కార్ల పత్రికలు కనబడేవి. అవి సంకలో పెట్టుకుని శనివారం సాయంత్రం చిత్తూరు బస్సెక్కేవాణ్ణి. ఆదివారమంతా అన్నా నేనూ వాటిమీదే. టాపు మడిచి వెనక్కి పడేసుకున్న కార్లంటే మాకు పిచ్చి. ఏ బండికి ఎన్ని గుర్రాల బలం, ఏది ఎంత దూరంలో వేగం అందుకుంటుంది, అన్నీ నోటికి వచ్చేవి. చిత్తూరులో అట్లాంటి బండి ఒక్కటి లేదు, వచ్చే ఆశా లేదు. అయినా మంచి మంచి బొమ్మలు చించి, మైదాపిండి జిగురుతో షెడ్డు గోడకు, స్వామి క్యాలెండరు పక్కన అంటించేవాడు అన్న.

నాయన ఆ గోడ కింద స్టూలు మీద బీడీ కాల్చుకుంటూ కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు: "మా సిన్నోడు ఇంగ్లీషు గడగడా సదువుతాడప్పా."

నిజం ఇప్పుడైనా చెప్పాలి. అందులో సగం నాకు అర్థమయ్యేది కాదు. తెలియని మాట వస్తే దాటేసి, తెలిసినవాటితో ఒక వాక్యం అల్లి వదిలేవాణ్ణి. అడ్డు చెప్పేవాళ్ళెవరున్నారక్కడ? తప్పు చదివినా ఒప్పు చదివినా నాయన ముఖం ఒకేలా వెలిగేది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఎండాకాలం, ఒక మామిడి మండీ యజమాని అన్నను తన తోటకు పిలిపించాడు. రేకుల షెడ్డులో, కోళ్ళ రెట్టల కింద, ఇంకు రంగు అమెరికా కారు ఒకటి ఉంది. ఆయన తండ్రి ఎప్పుడో మద్రాసులో కొన్నదట. రెండు తలుపులు, ఎనిమిది సిలిండర్లు. మా గోడ మీది బండే, కాకపోతే దీనికి టాపుంది, అదీ మడిచేది కాదు, గట్టి రేకు. అన్న బానెట్టు మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"సావణంలో మా పాప పెండ్లి" అన్నాడు మండీ ఆయన. "ఊరేగింపుకు టాపు లేని కారు గావాల. దీన్నే నువ్వు అట్ల సేసియ్యి. పెండ్లి అయినాక బండి నీదే. తోలుకోని పో."

ఇంటికి వచ్చేదారిలో అన్న ఒక్క మాటే అన్నాడు. "పెండ్లి అయిన మర్సనాడే తడకు పోదామురా. నువ్వు నా పక్కన కూర్సో. గేటు దాటినాక తొక్కుతా సూడు." ముప్పయ్యేండ్ల మనిషి. తనకంటూ ఏదైనా కావాలని అతను అనగా నేను వినడం అదే మొదలు.

ఇంజన్ను కదిలించడానికి మూడు వారాలు పట్టింది. అది మొదటిసారి పలికినప్పుడు గోడ మీది కాగితాలు రెపరెపలాడాయి. అన్న నా వైపు చూసి గొంతులో తన చప్పుడు తను చేసి, రెండూ ఒకటేనా అని కళ్ళతోనే అడిగాడు. ఒకటే.

ఇక మిగిలింది టాపు. ఆ ఆదివారం అన్న వెంటనే రంపం అందుకోలేదు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, టాపు కింది వెనక స్తంభాల మీద వేలి కణుపులతో తట్టి విన్నాడు. తరవాత గోడ మీది ఒక బొమ్మ దగ్గరికి నన్ను తీసుకుపోయాడు. అందులో అదే బండి టాపుతో ఒకటి, టాపు లేకుండా ఒకటి పక్కపక్కన ఉన్నాయి. కింద సన్నటి అక్షరాల్లో మూడు వరుసలు.

"నాకొక అనుమానంరా. ఈ కంబాలు టాపును మోస్తా ఉండాయా, టాపే బండిని పట్టుకోని ఉండాదా? ఇంటికి నిట్రాడు గుంజ తీసేసినట్ల అయితే కష్టం. ఈ రాసిండేది ఏందో సదువు."

చదివాను. మొదటి వరుసలో రెండు మాటలు తెలియవు. రెండో వరుసలో ఇంకొకటి. నిఘంటువు తిరుపతిలో హాస్టలు పెట్టెలో ఉంది. వచ్చే వారం చూసి చెప్తానంటే సరిపోయేది, పెండ్లికి ఇంకా రెండు నెలలుంది. కానీ నాయన బీడీ పక్కన పెట్టి, నేను చదివేది వినడానికి ముందుకు వంగి ఉన్నాడు.

"ఏమీ లేదన్నా" అన్నాను. "రెండూ ఒకటే బండి. పైన రేకొక్కటే తేడా అంట."

"పుస్తకంలోనే ఉండాది గదా, ఇంకేంది నీకు అనుమానం?" అన్నాడు నాయన.

గ్యాసుతో కోస్తే రంగు కాలిపోతుందని అన్న హ్యాక్సా పట్టాడు. వెనక స్తంభం సగం తెగేసరికి బ్లేడు బిగుసుకుపోయింది. లాగితే విరిగింది. ఇంకొకటి వేస్తే అదీ విరిగింది. అన్న చెమట తుడుచుకుని ఒకసారి నన్ను చూశాడు, నాయనను చూశాడు, మూడో బ్లేడు బిగించాడు. పొద్దుగూకేసరికి టాపు నేల మీద ఉంది. కోసిన అంచులన్నీ గాజులా నున్నగా చేశాడు. తెల్ల రెక్సిన్ సీట్లు కుట్టించాడు. ఆ రెండు నెలల్లో తలుపులు కాస్త బిర్రుగా పడుతున్నాయని అంచులు ఎన్నిసార్లు ఆకురాయితో అరగదీశాడో లెక్కలేదు. అదంతా నాకు అతని పనిలో శ్రద్ధ లాగే కనబడింది.

పెండ్లినాటి సాయంత్రం ఊరేగింపు. మేళం ముందు, కారు వెనక, అన్న స్టీరింగు దగ్గర. వెనక సీటు మీద పెండ్లికూతురు, పెండ్లికొడుకు, వాళ్ళ ఒళ్ళో ఇద్దరు పిల్లలు, ముందర ఆడబిడ్డ. అంత బలమున్న బండి నడిచే మనుషుల వెనక అడుగులో అడుగు వేస్తోంది. నేను పక్కన నడుస్తూ, దీన్ని నిజంగా చూడాలంటే తడకు రండి అని మనసులో అందరికీ చెప్పుకున్నాను.

ఇంటి ముందు హారతి పళ్ళెంతో ఆడవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. తలుపు రాలేదు. అన్న దిగబోతే అటువైపుదీ రాలేదు. ఇద్దరు మనుషులు కలిసి లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. అప్పుడు చూశాను. ఎక్కిన బరువుకు కారు నడుము కిందికి కుంగి, తలుపులు రెండూ ఆ సందుల్లో ఇరుక్కుపోయాయి. మేళం ఆగింది. చివరికి పెండ్లికొడుకు దూకాడు. పెండ్లికూతుర్ని మేనమామలిద్దరూ చేతుల మీద ఎత్తి బయటికి దించారు. పట్టుచీర అంచు పిడి ఊడిన చోట రేకుకు తగిలి చిరిగింది, పూలదండ తెగింది. ఎవరో ముసలామె "తలుపు తెరుసుకోలేదే తల్లీ" అంది మెల్లగా. ఆ మాట మరునాటికి మార్కెట్టు దాకా పోయింది.

మండీ ఆయన మాట తప్పలేదు. "బండి తీసుకోని పో, నా కండ్ల ముందర పెట్టద్దు" అని మాత్రం అన్నాడు.

మరునాడు షెడ్డులో, నలుగురు వింటూ ఉండగా, నాయన అన్నను తిట్టాడు. "సిన్నోడు సక్కగా సదివి సెప్పినాడు. సెప్పింది సెప్పినట్ల సేసేదానికి గూడా సేతగాలేదు నీకు. సదువు రాకపోతే పోయె, సేతిపని గూడా రాకపాయె."

నేను అక్కడే ఉన్నాను. ఆ మూడు మాటలు నాకు అర్థం కాలేదని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? చెప్పలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత. నాకు మతితోబాటు సిగ్గూ పోయింది.

"అవును నాయనా" అన్నాడు అన్న. "నా సేతిలోనే యాడో తప్పు పోయినాది."

తడకు పోలేదు. ఒక తెల్లవారుజామున అతనొక్కడే తిరుపతి రోడ్డు మీద ఒకసారి తొక్కి చూశాడట. పూతలపట్టు చేరకముందే ముందు అద్దం అడ్డంగా చీలింది. మనిషి నడిచినంత మెల్లగా తోలుకుని వచ్చి షెడ్డు వెనక నిలిపేశాడు. వకీళ్ళ కార్లు రావడం తగ్గింది. కొన్నాళ్ళకు ట్రాక్టరు మడ్గార్డులు, ట్రంకుపెట్టెల మూతలు మిగిలాయి. తడ కథ చెప్పడం మానేశాడు. ఎవరైనా అడిగినా "అదంతా పాత మాటలే" అని పనిలో పడేవాడు.

నేను ఇంగ్లీషు మాస్టరునయ్యాను. తిరుపతిలో ఉద్యోగం. తెలియని మాట వస్తే దాటెయ్యకూడదు, నిఘంటువు తెరవాలి అని పిల్లలకు బెత్తం పట్టుకుని చెప్పేవాణ్ణి. చిత్తూరు పోయినప్పుడల్లా ఆ కాగితం కంటపడకుండా గోడకు వీపు పెట్టి కూర్చునేవాణ్ణి. నాయన పోయిన ఏడాదికి, తద్దినం అయిన మరునాడు, ఇక ఉండబట్టలేక షెడ్డుకు పోయి ఆ కాగితం ముందు నిలబడ్డాను. పసుపురంగుకు తిరిగింది కానీ అక్షరాలు చెరగలేదు. మూడు వరుసలూ చదివాను. ఇప్పుడు నిఘంటువు అక్కర్లేదు.

అన్న స్టూలు మీద కూర్చుని మడ్గార్డు సొట్ట తీస్తున్నాడు. నాయన స్టూలే అది. చెప్పేశాను. ఆ రోజు నాకు అర్థం కాలేదన్నా, తెలిసినట్టు నటించినాను, నీ బండి నేనే చెడగొట్టినాను అన్నాను.

సుత్తి ఆపలేదు అతను. "తెలుసులేరా."

"ఎప్పుడు తెలిసింది?"

"ఫస్టు బ్లేడు బిగుసుకున్నబ్బుడే. పైన కోస్తా ఉంటే బ్లేడును రేకు కొరికి పట్టుకుంటా ఉండాదంటే, బండి నడుం ఇరగతా ఉండాదని అర్తం. రెండోది ఇరిగినాక రూఢి అయిపాయ."

"మరి ఆపుండచ్చు గదన్నా. సగమే గదా తెగింది. అతికేసుంటే సరిపోయేది."

అప్పుడు సుత్తి కింద పెట్టాడు. "నాయన ఈడనే కూర్సోనుండె. ఆపితే ఎందుకని అడుగుతాడు. నువ్వు తప్పు సదివినావని సెప్పాల. ఆ మనిసికి నా మీద ఆశ ఎబ్బుడో పాయ. నీ మీద ఒగటే ఉండె."

తరవాత గోడ మీది కాగితం చూపించి అతనే అడిగాడు. "సరే, ఇంతకీ అందులో ఏం రాసిండారు? ఇబ్బుడు సదువు."

తెలుగులో చెప్పాను. టాపు లేని బండికి నేల రేకు అడుగున, అటూ ఇటూ రెండు ఉక్కు పట్టీలు, మధ్యలో అడ్డంగా ఇంకొకటి అదనంగా బిగిస్తారట. టాపు చేసే పని అవి చేస్తాయట.

అన్న ఒక మేకు తీసుకుని నేల మీద కారు అడుగు గీశాడు. అటొక గీత, ఇటొక గీత, మధ్యలో ఒకటి. కొలతలు నోట్లోనే అనుకుంటూ, వెల్డింగు పడే చోట్ల చుక్కలు పెట్టాడు.

"రెండు దినాల పనిరా" అన్నాడు. "అంతే."